1/48 మిగ్-21 ఎఫ్‌ఎల్: బోసి కాక్‌పిట్‌కు, ఖాళీ వీల్ బేలకు చేతిపనితో వివరాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ దగ్గర 1/48 స్కేలులో (అసలు విమానంలో 48వ వంతు) పాత అచ్చుల మిగ్-21 ప్లాస్టిక్ నమూనా కిట్ ఒకటి ఉంది. దాన్ని 1971 యుద్ధంలో పాల్గొన్న మన వాయుసేన ఎఫ్‌ఎల్ రకంగా తయారుచేయాలని మీ కోరిక. కాక్‌పిట్‌లో పీటలాంటి సీటు, నాలుగు గుండ్రాలు చెక్కిన ప్యానెల్ తప్ప ఏమీ లేవు, వీల్ బేలేమో (చక్రాలు ముడుచుకుని ఇమిడే గదులు) ఖాళీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. విదేశాల నుంచి రెజిన్ (పోతపోసిన ప్లాస్టిక్), ఫోటో-ఎచ్ (సన్నని లోహపు రేకు) భాగాల సెట్లు తెప్పిస్తే వాటి ఖర్చు కిట్ ధరను మించిపోతోంది కనుక, అన్నీ సొంతంగా చేసుకోవడం సాధ్యమేనా, సాధ్యమైతే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. సాధ్యమే. పైగా మిగ్-21 ఇందుకు చాలా అనువైన విమానం, ఎందుకంటే దాని వివరాలు బయటికి కనిపించేవి, చేతికి లొంగేవి.

అయితే మీరు చేయదలచుకున్న పనుల జాబితాలో ఉన్నవన్నీ కొత్తగా చేర్చేవే. అరగదీసేది ఒక్కటీ లేదు. నాకు అభ్యంతరం అక్కడే ఉంది. కిట్‌లో వీల్ బే తలుపు మందం సుమారు 1 మి.మీ. ఉంటుంది. 48తో గుణిస్తే అది 48 మి.మీ., అంటే దాదాపు రెండు అంగుళాల దిమ్మె. అలాంటి తలుపు వెనకాల మీరు ఎంత సన్నని గొట్టాలు అమర్చినా చూసేవారి కంటికి అది బొమ్మగానే తోస్తుంది. తలుపుల అంచులు, కాక్‌పిట్ అంచు, ఇంజను వెనుక గొట్టం చివర, రెక్కల వెనుక అంచు, ఈ నాలుగూ పల్చనైతే ఏ వివరమూ చేర్చకముందే నమూనా సగం మారిపోతుంది. కాబట్టి మొదటి వారం చేతికి జిగురు తగలకుండా 400 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 1000 వరకు వెళ్ళండి. కాగితాన్ని తడిపే రుద్దండి. ప్లాస్టిక్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తలుపును మొత్తంగా పల్చన చేయనవసరం లేదు. లోపలి వైపు నుంచి అంచులను మాత్రం ఏటవాలుగా గీకితే చాలు, ఎందుకంటే కన్ను మందాన్ని కొలిచేది అంచు దగ్గరే.

దానికంటే ముందు తేల్చుకోవలసింది, మీరు చేస్తున్నది ఏ మిగ్ అన్న విషయం. మన వాయుసేనలో ఎఫ్-13ను టైప్ 74 అనీ, పీఎఫ్‌ను టైప్ 76 అనీ, ఎఫ్‌ఎల్‌ను టైప్ 77 అనీ, ఎం రకాన్ని టైప్ 96 అనీ, బిస్‌ను టైప్ 75 అనీ పిలిచేవారు. బయటికి అన్నీ ఒకే గొట్టానికి రెక్కలు తొడిగినట్టే ఉంటాయి గానీ, వివరాల పనిలో ఒకదాని వివరం మరొకదానికి పనికిరాదు. ఎఫ్‌ఎల్‌లో కానోపీ (కాక్‌పిట్ మీది గాజు కప్పు) ముందుభాగంతో సహా ఒకే ముక్కగా ముందువైపు కీలు మీద పైకి లేస్తుంది. ఎం, బిస్ రకాలలో ముందు గాజు స్థిరంగా ఉండి, వెనుక భాగం పైలట్ కుడిచేతి వైపుకు తెరుచుకుంటుంది. ఎఫ్‌ఎల్‌లో ఉండేది ఎస్‌కే రకం ఎజెక్షన్ సీటు, తర్వాతి రకాలలో కేఎం-1. ఎఫ్‌ఎల్‌లో పిటో గొట్టం (గాలి వేగాన్ని కొలిచే సన్నని గొట్టం) ముక్కు పైన నట్టనడుమ ఉంటుంది, ఎం రకం నుంచి కుడి పక్కకు జరిగింది, ఎఫ్-13లో అయితే ముక్కు కింద ఉండేది. ఎఫ్‌ఎల్ వీపు మీది ఉబ్బు సన్నం, ఎం రకంలో బాగా లావు. ఎం రకానికి పొట్టలో జంట గొట్టాల ఫిరంగి ఉంటుంది, ఎఫ్‌ఎల్‌కు లోపల ఫిరంగి లేదు.

ఈ సంగతి నేను నేర్చుకున్న తీరు చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. నా మొదటి ఎఫ్‌ఎల్‌లో మూడు వారాలు కష్టపడి, తలవైపు పేటికలు, పక్క పట్టాలు, పిడులతో సహా ఒక చక్కని సీటు చేసి పెట్టాను. ప్రదర్శనలో, వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ పని చేసి రిటైరైన ఒక పెద్దాయన ఒంగి చూసి, "సీటు బ్రహ్మాండంగా ఉంది బాబూ, కానీ ఇది ఈ విమానంలోది కాదు" అన్నారు. నేను చేసింది కేఎం-1. అప్పటినుంచి, ఫోటో ఏ రకం విమానానిదో ఖాయం చేసుకోకుండా ఒక్క ముక్క కూడా కోయడం మానేశాను.

ఫోటోల విషయంలో ఇంకొక హెచ్చరిక. పాలం వాయుసేన మ్యూజియంలోనూ, దేశంలో ఎన్నో చోట్ల దిమ్మెల మీదా మిగ్-21లు కనిపిస్తాయి కాబట్టి వెళ్ళి ఫోటోలు తీసుకోవడం తేలికే. కానీ ప్రదర్శనకు పెట్టిన విమానంలో పరికరాలు కొన్ని ఊడదీసి ఉంటాయి, వీల్ బేలలో గొట్టాలు తీసేసి రంగు కొట్టి ఉంటారు, బరువు దిమ్మె మీద పడటం వల్ల ల్యాండింగ్ గేర్ కాళ్ళు పూర్తిగా సాగి ఉంటాయి. వాటిని కొలతలకూ ఆకారాలకూ వాడుకోండి. లోపలి అమరికకు మాత్రం విమానం సర్వీసులో ఉన్నప్పటి ఫోటోలే ఆధారం.

ఇక పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) రెండు సగాలను టేపుతో కలిపి, కానోపీని మీరు తెరిచి ఉంచాలనుకున్న స్థితిలో అతికించీ అతికించకుండా నిలిపి, టార్చిలైటుతో కాకుండా మీ ఇంట్లో ఆ నమూనా పెట్టబోయే అల్మరా వెలుతురులో చూడండి. కనిపించిన ప్రతిదాన్నీ పెన్సిలుతో గుర్తుపెట్టండి. పెన్సిలు గుర్తు పడని చోట పని చేయకండి. ఎఫ్‌ఎల్ కాక్‌పిట్‌లో సీటు పై సగం, పక్క గట్ల పైభాగం, ప్యానెల్ కప్పు, వెనుక గోడ కనిపిస్తాయి. పాదాల దగ్గర పెడళ్ళు దాదాపు కనిపించవు. వాటి మీద రెండు రాత్రులు గడిపేవారిని నేను ఎరుగుదును, వారిలో నేనూ ఒకణ్ణి.

సామగ్రి గురించి మీరు ఎక్కువ భయపడుతున్నారు. ఎవర్‌గ్రీన్ వంటి కంపెనీల పాలిస్టైరీన్ షీట్లు 0.13, 0.25, 0.5, 1 మి.మీ. మందాలలో దొరుకుతాయి. 0.25, 0.5 రెండు రకాలు కొని పెట్టుకుంటే ఈ పనికి సరిపోతాయి. అవి దొరకకపోతే అడుగున త్రికోణంలో 6 అంకె ఉన్న వాడిపారేసే కప్పులు, పళ్ళేలు పాలిస్టైరీనే; వాటి చదునైన భాగం కత్తిరించుకోవచ్చు. అనుమానం ఉంటే ఒక చుక్క ప్లాస్టిక్ సిమెంట్ వేసి చూడండి, ఉపరితలం కరిగి జిగటగా మారితే అది పనికొచ్చే ప్లాస్టిక్. పాత ఏటీఎం కార్డులు పీవీసీ కనుక వాటికి ఈ సిమెంట్ మీద ఆధారపడకుండా సూపర్ గ్లూ వాడాలి. మెడికల్ షాపులో 11 నంబరు సర్జికల్ బ్లేడు, దానికి 3 నంబరు పిడి అడగండి. హాబీ కత్తి కంటే చవక, పదును కూడా ఎక్కువ. 0.3 నుంచి 1.2 మి.మీ. వరకు సన్నని డ్రిల్ బిట్లు సర్క్యూట్ బోర్డుల పనికి వాడేవే. హైదరాబాదు వాళ్ళకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. వాటిని మోటారుకు తగిలించకుండా పిన్ వైస్‌లో (చేతితో తిప్పే చిన్న డ్రిల్ పిడిలో) బిగించి వేళ్ళతో తిప్పండి.

గొట్టాలకూ వైర్లకూ సీసపు తీగ దొరకలేదని బాధపడ్డారు. దాని అవసరం లేదు. మోటారు వైండింగ్ షాపుకు వెళ్ళి, మిగిలిపోయిన ఎనామెల్ రాగితీగ నాలుగైదు గేజులలో రెండేసి మీటర్లు అడగండి, చాలామంది ఊరికే ఇస్తారు. 40 గేజు తీగ మందం 0.12 మి.మీ., అంటే మన స్కేలులో దాదాపు 6 మి.మీ. గొట్టం. 36 గేజు 0.19 మి.మీ., అంటే 9 మి.మీ. గొట్టం. 30 గేజు 0.31 మి.మీ., అంటే 15 మి.మీ. గొట్టం లేదా వైర్ల కట్ట. ఈ మూడింటితో మిగ్ వీల్ బే మొత్తం పూర్తవుతుంది. 48తో గుణించే అలవాటు చేసుకోండి. నేను కొత్త వస్తువు ఏది చేతికొచ్చినా ముందు వెర్నియర్‌లో పెట్టి ఆ గుణకారం చేస్తాను, ఇంట్లోవాళ్ళు నవ్వుకున్నా సరే.

కాక్‌పిట్‌లో పక్కగోడలతో మొదలుపెట్టండి. కిట్‌లోని గోడ మీద అచ్చుపడిన గుర్తులను గీకేసి, 0.25 షీటుతో కొత్త గోడ వేసి, దాని మీద చిన్న పెట్టెలు, మీటలు పేర్చండి. ఇక్కడ కొత్తవారందరూ పడే గుంట ఒకటుంది: ప్రతి పొర ఒక 0.25 మి.మీ. చొప్పున రెండు వైపులా పెరిగి, చివరికి టబ్ (కాక్‌పిట్ తొట్టి) వెడల్పు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, అప్పుడు ఫ్యూజిలాజ్ సగాలు మూసుకోవు. కనుక గోడ వేసేముందు ఫ్యూజిలాజ్ లోపలి వైపును అదే మందం మేరకు గీకాలి. ప్రతి పొర తర్వాతా టేపు వేసి మూసి చూడాలి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ రంగులన్నీ వేశాక సగాలు కలవకపోతే కలిగే బాధ ముందు ఈ విసుగు ఏపాటిది?

ప్యానెల్ కోసం 0.25 షీటులో డయళ్ళకు రంధ్రాలు చేసి, వెనకాల నల్లరంగు వేసిన మరో షీటు అతికించడం మంచి పద్ధతి. డయలు చుట్టూ ఉండే అంచుకు, లేదా విడిగా అతికించే గుండ్రాలకు 16 గేజు ఇంజెక్షన్ సూదిని పంచ్‌గా మార్చుకోవచ్చు. సూది మొనను నిటారుగా కోసి, బయటి అంచును ఏటవాలుగా అరగదీసి పదును పెడితే, అది 1.2 మి.మీ. గుండ్రాలను కోస్తుంది; నిజ కొలతలో అది 57 మి.మీ. డయలు. గుండ్రం సూదిలో ఇరుక్కుంటే వెనకనుంచి సన్నని తీగతో నెట్టండి. చాలా మిగ్-21 ప్యానెళ్ళ మీద నట్టనడుమ నిలువుగా ఒక తెల్ల గీత ఉంటుంది. విమానం స్పిన్‌లో పడి గింగిరాలు తిరిగినప్పుడు పైలట్ కంట్రోల్ స్టిక్‌ను సరిగ్గా మధ్యకు తేవడానికి అది గురుతు. మీ నమూనా కాక్‌పిట్‌లోకి తొంగిచూసిన మనిషికి మొట్టమొదట కనిపించేది ఆ గీతే, దాన్ని మరవకండి. లోపలి రంగు సోవియట్ విమానాలకు పేరుమోసిన ఆకుపచ్చ-నీలం. సీసాలో ఉన్నదాన్ని ఉన్నట్టే వేస్తే చిన్న కాక్‌పిట్‌లో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కనుక కొంచెం తెలుపు కలపండి.

సీటు మీద పనంతా బెల్టులదే. నిజమైన బెల్టు వెడల్పు 45 మి.మీ. అనుకుంటే మనకు కావలసింది 0.9 మి.మీ. పట్టీ. చర్మానికి రాసే ఆయింట్‌మెంట్ల అల్యూమినియం ట్యూబు అయిపోయాక చీల్చి, కడిగి, గాజు మీద చెంచా వెనుకభాగంతో సాఫు చేయండి. స్టీలు స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో ఒకే గీతలో కోయండి. రెండోసారి గీస్తే అంచు ముడుచుకుంటుంది. బకిల్ కోసం 40 గేజు తీగను ఒక కుట్టుసూది మీద నాలుగైదు చుట్లు చుట్టి, సూదితో సహా చదునుగా నొక్కి, సూది లాగేసి, ఆ చుట్టలను ఒక్కొక్కటిగా కత్తిరించండి. ఒక్కో చుట్టు ఒక చిన్న దీర్ఘచతురస్రపు కడియంలా విడివడుతుంది. పట్టీని దానిలోంచి దూర్చి వెనక్కి మడిచి, మడత మీద సూదిమొనతో అద్దినంత సూపర్ గ్లూ పెట్టండి. పది చేస్తే ఆరు పాడవుతాయి, కనుక పదిహేను చేయండి. చివరగా పట్టీని సీటు మీద పరిచేటప్పుడు అది బరువున్న గుడ్డలా ఒరిగి, సీటు అంచు దగ్గర వంగి, ఒక కొస పక్కకు జారేలా వేలితో నొక్కండి. నిటారుగా గాలిలో నిలబడ్డ బెల్టు సీటు మొత్తాన్ని చెడగొడుతుంది. ఇక ఎఫ్‌ఎల్ కానోపీ తెరిచి ఉంచుతారు కాబట్టి, దాని లోపల విడిగా నిలబడి ఉండే బుల్లెట్‌ప్రూఫ్ గాజు పలకను పారదర్శక షీటుతో చేసి పెట్టడం మరవకండి. పాత కిట్లలో అది సాధారణంగా ఉండదు.

ఇప్పుడు వీల్ బేలు. మిగ్-21లో ప్రధాన చక్రం లోపలికి మడుచుకుంటూ తిరిగి, ఫ్యూజిలాజ్ పక్కన నిలువుగా ఇముడుతుంది, కాలు రెక్కలో పడుకుంటుంది. అందువల్ల ఫ్యూజిలాజ్‌లో లోతైన గది, రెక్కలో లోతు తక్కువ గది, రెండూ కలిసి ఒకటిగా కనిపిస్తాయి. కిట్‌లో తరచు ఈ రెండింటి మధ్య ఒక అడ్డుగోడో, లేదా విమానం లోపలి డొల్ల అంతా కనిపించే రంధ్రమో ఉంటుంది. ముందుగా 0.5 షీటుతో గది గోడలు కట్టి డొల్లను మూయండి. చక్రాన్ని కూడా కొలవండి: ఎఫ్‌ఎల్ ప్రధాన టైరు 800 మి.మీ. వ్యాసం, 200 మి.మీ. వెడల్పు, అంటే మనకు 16.7, 4.2 మి.మీ. ఆ చక్రం మీరు కట్టిన గదిలో పట్టకపోతే గది కొలతలు తప్పినట్టే.

గోడల మీద 0.25 షీటు నుంచి కోసిన సన్నని పట్టీలతో రిబ్బులు వేయండి. వాటి మధ్య దూరాలు ఫోటోలో సమానంగా లేకపోతే మీరూ సమానంగా వేయకండి. ఆ తర్వాత గది రంగు పూర్తిచేసి, గొట్టాలను విడిగా రంగువేసి, చివరగా అమర్చండి. ముందే అమర్చి కుంచెతో చుట్టూ రంగు వేయబోతే చేయి తిరగదు.

గొట్టాల విషయంలో కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే చేతిపని నమూనాలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. తీగను గది నిండా నూడుల్స్‌లా కుక్కితే వివరం వచ్చినట్టు కాదు. విమానంలో ప్రతి గొట్టమూ ఒక చోట పుట్టి మరో చోట ముగుస్తుంది, పక్క గొట్టానికి సమాంతరంగా నడుస్తుంది, మలుపు తిరిగినప్పుడు దాని వంపు పక్కదాని వంపుతో సరిపోతుంది, కొంత దూరానికొకసారి గోడకు క్లిప్పుతో పట్టి ఉంటుంది. దీన్ని సాధించే పద్ధతి సులువే. ముందు తీగను రెండు గాజు ముక్కల మధ్య దొర్లించండి, బాణంలా నిటారుగా వస్తుంది. చేతితో లాగి సరిచేస్తే అలలు మిగిలిపోతాయి. మలుపుల కోసం 1 మి.మీ. డ్రిల్ బిట్ కాడ చుట్టూ వంచండి, అన్ని గొట్టాలకూ అదే కాడ వాడండి. మూడు గొట్టాలు పక్కపక్కన పోవాలంటే మూడింటినీ టేపు మీద వరుసగా అంటించి ఒకేసారి వంచండి. క్లిప్పులకు ట్యూబు రేకు నుంచి వెంట్రుకంత పట్టీలు కోసి గొట్టాల మీదుగా వేయండి. ఒక గొట్టాన్ని రిబ్బు వెనక్కి పోనిచ్చి రెండో పక్కన బయటికి తీయండి. ఆ ఒక్క పనితో గదికి లోతు వస్తుంది. ఎనామెల్ తీగకు సూపర్ గ్లూ బాగా పడుతుంది, రంగుకు మాత్రం ముందు ప్రైమర్ కావాలి.

ల్యాండింగ్ గేర్ కాళ్ళ మీద బ్రేకు గొట్టాలు మరవకండి. మిగ్-21 బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేసేవి, ముందు చక్రానికి కూడా బ్రేకు ఉంటుంది, కనుక మూడు కాళ్ళకూ గొట్టం ఉండాలి. ఇవి వంగే రబ్బరు గొట్టాలు కాబట్టి 30 గేజు తీగను కొంచెం వదులుగా, కాలు ముడుచుకునే చోట చిన్న తూగుతో అమర్చండి.

ఇంజను వెనుక గొట్టం గురించి అడిగారు. అంచు పల్చన చేసి, లోపల మసి రంగు వేసి వదిలేయండి. లోపల ఏమి చేసినా చీకట్లో పోతుంది.

1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ హౌస్ మీద దాడి చేసిన మిగ్‌లలా రాకెట్లతో చూపించాలని మీ ఆలోచన చాలా బాగుంది. యూబీ-16 పాడ్‌లో (రెక్క కింద వేలాడే రాకెట్ల డబ్బాలో) 16 గొట్టాలు, ఒక్కోటి 57 మి.మీ. రాకెట్‌కు. 48తో భాగిస్తే 1.2 మి.మీ., అంటే మీ దగ్గరున్న డ్రిల్ బిట్ కొలతే. కిట్ పాడ్ ముందు గుంటలను ముందు సూదిమొనతో మధ్యలో గుచ్చి, 0.5 బిట్‌తో దారి చేసి, ఆ తర్వాతే 1.2 బిట్ తిప్పండి. నేరుగా పెద్ద బిట్ పెడితే అది పక్కకు జారి, రెండు రంధ్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

పిటో గొట్టాన్ని కిట్ ప్లాస్టిక్‌తో వదిలేయకండి, అది వంకరగానూ ఉంటుంది, విరుగుతుంది కూడా. 23 గేజు సూది లోపల 30 గేజు సూది ఇముడుతుంది. ఈ రెండింటితో మెట్టుమెట్టుగా సన్నబడే గొట్టం తయారవుతుంది. సూదిని కటింగ్ ప్లయర్‌తో కోస్తే నోరు నొక్కుకుపోతుంది కనుక వేలితో దొర్లిస్తూ సన్నని ఆకురాయితో చుట్టూ గీసి విరవండి. ముక్కు మీద 0.7 మి.మీ. రంధ్రం ముందుగానే చేసి, ఊరికే దూర్చి తీయగలిగేలా ఉంచి, రంగులు, డెకాల్స్ (అంటించే గుర్తులు), వార్నిష్ అన్నీ అయ్యాక, కానోపీ కూడా అతికాక, ఆఖరున అమర్చండి. కానోపీకి మాత్రం సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరికి గాజు లోపల తెల్లటి పొర పడుతుంది, ఫెవికాల్ చాలు. నేను ఇప్పటికీ పిటో గొట్టాన్ని జిగురు వేయకుండానే ఉంచి, ప్రదర్శనకు తీసుకెళ్ళేటప్పుడు ఊడదీసి చిన్న హోమియోపతి మందు సీసాలో వేసుకుని వెళ్తాను.